జోడుగెడ్డ ఒడ్డున ఈల

జోడుగెడ్డ పొంగి పారుతున్నప్పుడు ఎనుబోతు మీద కూర్చుని, నెత్తిన గొడుగు పట్టుకుని, పంచె అంచు తడవకుండా అవతలి ఒడ్డుకి చేరిన మగాడు ఈ కొండల కింద ఒక్కడే ఉన్నాడు. వాడి పేరు అసిరయ్య. అంటే నేనే. ఆ గెడ్డలో ఏ రాయి ఎక్కడుందో, ఏ రాయి కింద ఏ చేప కాపురం చేస్తోందో, ఆ కాపురం సవ్యంగా ఉందో లేదో కూడా నన్నడిగితే చెబుతాను.

నేను చదివింది మా ఊరి బడిలో అయిదో తరగతి. చదువు ఆగింది గానీ కథలు ఆగలేదు. నా చేతిరాత చదవగలిగిన మనిషి లోకంలో ఒక్కతే, మా మనవరాలు యమున. దాని తండ్రి నెల్లిమర్ల జూట్ మిల్లులో పని చేస్తాడు, పిల్ల మాత్రం చిన్నప్పటి నుంచీ మా దగ్గరే పెరిగింది. నేను కాగితం మీద రాస్తాను, అది ఫోనులో కొట్టి పత్రికకి పంపిస్తుంది. మధ్యలో నన్ను దిద్దుతుంది కూడా.

"తాతా, పోయిన కథలో పులి ఆరడుగులన్నావు. ఇందులో తొమ్మిదడుగులు రాసినావేటి?"

"మధ్యలో ఏడాది గడిసింది కదే. పెరగదా?"

ఇది మూడేళ్ల కిందటి వానాకాలం సంగతి.

ఆషాఢంలో ఒక శనివారం మా ఊరి చివర జీపు ఆగింది. దాని నెత్తి మీద రెండు ప్లాస్టిక్ తొట్లు, ఒకటి ఎరుపు, ఒకటి పసుపు. కయాక్ అంటారట. దిగినాయన పేరు భాస్కర్, ఊరు కొత్తవలస. కొండవాగుల్లో ఆ పడవలు నడపడం నేర్పే మాస్టారు. నలభై దాటినా పొట్ట లేదు, అందుకని మొదట నాకు ఆయన మీద నమ్మకం కుదరలేదు.

"తాతగారూ, ఈ గెడ్డ గురించి మీకు బాగా తెలుసని చెప్పారు."

"నాకు గెడ్డ తెలీడం కాదు బాబూ, గెడ్డకే నేను తెలుసు," అని ఎనుబోతు కథ ఎత్తుకున్నాను. సరిగ్గా గొడుగు దగ్గరికి వచ్చేసరికి మా ఇంటావిడ గౌరి మంచినీళ్ల చెంబుతో వచ్చింది.

"బాబూ, అది పొంగు కాదు. కార్తీకమాసం, మోకాలి లోతు నీరు. ఈయన ఎనుబోతు మీద కూకోనేదు, తోక పట్టుకుని ఏలాడినాడు. గొడుగు కొట్టుకుపోనాది. మా పుట్టింటోళ్లు ఎట్టిన గొడుగు."

"పంచె తడవనేదు కదే," అన్నాను.

"ఒంటి మీదుంటే కదా తడవడానికి."

ఏం చెయ్యను, అంతా నిజమే. భాస్కర్ నవ్వీ నవ్వీ నీళ్లకి పొలమారాడు. ఆ నవ్వుతోనే మాకు స్నేహం కలిసింది.

ఆ మధ్యాహ్నమే ఆయన్ని కొండ ఎక్కించాను. రెండు కొండల మీంచి రెండు పాయలు దిగి ఒకచోట కలుస్తాయి, దాన్ని పైమడుగు అంటాం. అక్కణ్ణుంచి గెడ్డ రాళ్ల మధ్య మైలున్నర దూరం దూకుతూ వచ్చి రోడ్డు వంతెన కింద చల్లబడుతుంది. దారిలో ముందొక మలుపు, తరవాత దూడల మలుపు, దాని కింద నిలువెత్తున దూకే ముసలమ్మ మెట్టు. భాస్కర్ ప్రతి రాయి దగ్గరా ఆగి నీరు ఎటు ఒరుసుకుంటోందో చూశాడు.

"పడవ తిరగబడితే?" అని అడిగాను.

"తెడ్డుతో నీటిని కొట్టి మళ్లీ లేస్తాం."

"లేవకపోతే?"

"అందుకే ఒడ్డు మీద మనిషి కావాలి తాతగారూ."

యమునకి అప్పుడు పద్దెనిమిదేళ్లు. ఇంటర్ లెక్కల్లో తప్పి ఇంట్లో ఉంది. ఆ తప్పడం వెనక నా చెయ్యి ఉంది, అది కూడా చెప్పాలి. మా ఇంట్లో గౌరి పెట్టిన చట్టం ఒకటుంది. గడప దాటి పయనమైన మనిషిని వెనక నుంచి పిలవకూడదు. ఇల్లు అంటుకున్నా సరే, చుట్టూ తిరిగి ముందుకెళ్లి చెప్పాలి. లెక్కల పరీక్ష రోజు యమున హాల్ టికెట్ బల్ల మీద మరిచిపోయి వీధి మలుపు దాకా వెళ్లిపోయింది. నేను నోరారా పిలిచాను. గౌరి ఇంట్లోంచి పరుగెత్తుకొచ్చి, పిల్లని వెనక్కి తెచ్చి, పీట మీద కూర్చోబెట్టి, మంచినీళ్లు తాగించి మళ్లీ పంపింది. అయినా పిల్ల తప్పింది. ఆ వేసవంతా మా ఇంట్లో అన్నం కంటే ముందు ఈ మాటే వడ్డించేవారు. "ఎనకనుంచి పిలిసి పిల్ల సదువు తగలెట్టీసినావు." చుట్టాలొచ్చినా అదే, పాలవాడు అడిగినా అదే. యమున ఒక్కతే, "నేను లెక్కలు సదవనేదు మామ్మా," అనేది. ఎవరూ వినలేదు.

అలాంటి పిల్ల, మాస్టారు పడవలతో మళ్లీ వచ్చిన రెండో శనివారం, ఆయన ఎదుట నిలబడి, "నేను కూకోనా?" అంది. ఈత దానికి పుట్టుకతో వచ్చింది. నాలుగు వారాలు తిరిగేసరికి ఎర్రతొట్టిలో కూర్చుని బోర్లా పడి, తెడ్డు విసిరి, చేపపిల్లలా పైకి లేస్తోంది. నీళ్లు కారే ముఖంతో ఒడ్డు వైపు చూసి నవ్వేది. పరీక్ష పోయాక ఆ నవ్వు మళ్లీ చూడటం అదే మొదలు.

ఒకనాడు మా అరుగు మీద చోడి అంబలి తాగుతూ భాస్కర్ అన్నాడు. "నీళ్లంటే భయం లేనివాళ్లు నా దగ్గరికి చాలామంది వస్తారు. వినేవాళ్లు తక్కువ. ఈ అమ్మాయి వింటుంది. నీరేం చెప్తోందో వింటుంది, నేనేం చెప్తున్నానో వింటుంది."

దసరా వెళ్లాక ఉత్తరాదిన ఎక్కడో పోటీలున్నాయట. మాస్టారు ముగ్గుర్ని తీసుకెళ్తాడు. ఇద్దరు కుదిరారు. భాద్రపదం ఆఖరి ఆదివారం యమున పైమడుగు నుంచి వంతెన దాకా ఒంటరిగా, తప్పు లేకుండా దిగితే మూడో మనిషి అదే. ఆ మాట విన్న రోజు నుంచి అది నిద్రలో కూడా తెడ్డు వేసేది. పక్కన పడుకున్న గౌరికి రెండుసార్లు మోచేయి తగిలింది.

మాస్టారు నా మెడలో నారింజ రంగు ఈల ఒకటి వేశాడు.

"మీరు పైమడుగు దగ్గర, నేను ముసలమ్మ మెట్టు కింద తాడుతో. ఏదైనా తేడా అనిపిస్తే ఈల ఊదండి. ఈల వినబడిందంటే యమున ఎందుకని అడగదు, మలుపుకి ఇవతలే ఒడ్డుకి లాగేస్తుంది. మెట్టు హోరులో నాకు వినబడదు. తనకి వినబడాలి."

గెడ్డ బాగా పారుతున్న రోజే పరీక్షించాం. నేను పైమడుగు దగ్గర ఊదితే, మొదటి మలుపు దగ్గర యమున తెడ్డు పైకెత్తింది. మూడుసార్లు ఊదాను, మూడుసార్లూ ఎత్తింది. అవతలి కొండ మీద మేస్తున్న గేదెలు నలభై కూడా ఒక్కసారి తల ఎత్తాయి.

గౌరికి మాత్రం నచ్చలేదు. "ఈల కూడా పిలుపే. పయనమైన పిల్లని ఎనకనుంచి పిలిసినట్టే. ఊదాలొస్తే ముందుకెల్లి ఊదు."

"నీళ్లకంటే ముందు తాత పరుగెత్తాలన్నమాట," అని భాస్కర్ నవ్వాడు. అందరికంటే ఎక్కువ నేనే నవ్వాను.

భాద్రపదం మొదట్నుంచీ వాన ముఖం చాటేసింది. గెడ్డలో రాళ్లు తేలాయి. మాస్టారు రెండు వారాలు రాలేదు. ఉభాలు, అంటే నాట్లు, అయిపోయిన మా మడి నెర్రెలిచ్చింది. నీరు చాలని ఏడు మా వాళ్లు ఎప్పుడూ చేసేదే నేనూ చేశాను. దూడల మలుపు దగ్గర గెడ్డకి అడ్డంగా గుంజలు పాతి, కంపతో అల్లి, రాళ్లు పేర్చి, నీటిని మా కాలువకి తిప్పాను. ఏటా వెదురు గుంజలే పాతుతాం, మొదటి పొంగుకి కొట్టుకుపోతాయి. ఆ ఏడు నాకు పంతం వచ్చింది. ఇనుములాంటి గుగ్గిలం కర్రలు కొట్టించి తెచ్చాను.

సాయం వచ్చిన మా మేనల్లుడు గంగులు సమ్మెట ఎత్తలేక ఆయాసపడ్డాడు. "ఏటి మావా, గెడ్డలో పాతతన్నావా, ఇంటికి స్తంబాలెత్తతన్నావా?"

"ఒరే, నేను పోయినా ఈ గుంజలుంటాయి సూడు."

ఆ పని బుధవారం సాయంత్రానికి అయింది. గురువారం పొద్దున్న వాన పట్టుకుంది. శనివారం దాకా తెరిపి ఇవ్వలేదు. ఆదివారమే యమున దిగాల్సిన రోజు.

శనివారం మధ్యాహ్నం మాస్టారు వచ్చి ఒడ్డు వెంట చూసుకున్నాడు. గెడ్డ ఎర్రగా, నిండుగా ఉంది. గుంజలు నీట మునిగిపోయాయి, పైకి ఏమీ కనబడదు. అరుగు మీదికొచ్చి అడిగాడు. "తాతగారూ, ఈ రెండు వారాల్లో గెడ్డలో కొత్తగా ఏమైనా వచ్చిందా? చెట్టు, కొమ్మ, కంప?"

నేను అప్పుడు పాలవాడికి చేప కథ చెప్తున్నాను. నా పొడవు చేప, గేలానికి పడి, నన్నే లాక్కుపోతున్న చోట ఉన్నాను. ఆ చోట కథ ఆపడం ఎవరి తరం? "ఏటీ లేదు బాబూ," అని చెయ్యి ఊపి, చేప దగ్గరికి వెళ్లిపోయాను. అయినా అంత పొంగుకి కట్ట ఎప్పుడో కొట్టుకుపోయే ఉంటుందని లోపల ఎక్కడో అనుకున్నాను కాబోలు. గుగ్గిలం సంగతి తట్టలేదు.

ఆదివారం వాన వెలిసింది. పైమడుగు దగ్గర యమునా నేనూ ఇద్దరమే. అది నడుముకి గుడ్డ బిగించి పడవ అంచుకి తగిలించుకుంది, గిన్నె మీద మూత పెట్టినట్టు. దోసిట్లో నీళ్లు తీసుకుని నుదుటికి అద్దుకుంది.

"ఎల్లొస్తాను తాతా."

"ఎల్లిరా అమ్మా."

తెడ్డు వేసింది. ఎర్రతొట్టి మడుగు నడిమికి పోయి నీటి లాగుడుకి చిక్కింది.

పైమడుగు నుంచి చూస్తే చెట్ల సందున మా మడి కనబడుతుంది. అలవాటు కొద్దీ అటు చూశాను. మడి నిండుగా, అద్దంలా ఉంది. కాలువ నోట్లోంచి నీరు తెల్లగా దూకుతోంది. మొదట నాకు సంతోషం వేసింది. నా గుంజలు నిలబడ్డాయి, గంగులికి చూపించాలి అనుకున్నాను.

తరవాత తట్టింది, ఆ గుంజలున్నది యమున దారిలోనే.

పడవ ఇంకా మొదటి మలుపుకి ఇవతలే ఉంది. ఈల తీసి పెదాల దగ్గర పెట్టుకున్నాను. ఊదాను. గట్టిగానే ఊదాను. గెడ్డ హోరు గెడ్డదే. యమున వెనక్కి తిరగలేదు. ఎర్రతొట్టి మలుపు తిరిగింది.

నేను రాళ్ల మీద పడుతూ లేస్తూ దూడల మలుపుకి చేరేసరికి పడవ ముక్కు నీళ్లలోంచి నిటారుగా లేచి ఉంది. నీరు దాని మీంచి పోతోంది. యమున కనబడలేదు, హెల్మెట్ ఒకసారి పైకొచ్చింది, మళ్లీ పోయింది. ఎంతకీ పడవ రాకపోయేసరికి భాస్కర్ కింది నుంచి పరుగెత్తుకొచ్చాడు. తాడు నడుముకి కట్టుకుని కొస నా చేతికిచ్చి దూకాడు. నా కేకలకి మడి గట్టు మీంచి గంగులు గొడ్డలితో వచ్చి, గుండె లోతులో నిలబడి గుంజలు నరికాడు. నాలుగు రోజుల కిందట తను పాతినవే. రెండు గుంజలు తెగాక పడవ కదిలింది.

బతికింది. బండ మీద పడుకోబెడితే నీళ్లు కక్కి, ఊపిరి తీసుకుంది. కుడి చెయ్యి భుజం నుంచి జారి, ఎవరిదో చెయ్యిలా వేలాడుతోంది.

భాస్కర్ నడుముకున్న తాడు విప్పుకుంటూ అడిగాడు. "గుంజలున్నాయని మీకు తెలుసా?"

"అది బయల్దేరాక గుర్తొచ్చింది బాబూ."

"ఈల?"

"ఊదాను."

ఆయన యమున వైపు చూశాడు.

"నాకు వినబడలేదు మాస్టారు," అంది.

బొబ్బిలిలో భుజం ఎక్కించి కట్టు కట్టారు. పది రోజుల తరవాత భాస్కర్ ఇంటికొచ్చాడు. గౌరి ఇచ్చిన కాఫీ చల్లారే దాకా చేతిలో పట్టుకుని కూర్చున్నాడు.

"భుజం బాగవుతుంది. ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు పోటీలున్నాయి. నేను దాని గురించి రాలేదు," అన్నాడు. "ఈల విని ఆగని మనిషిని నేను నీళ్లలోకి దింపను. రేపు తన కోసం తాడు కట్టుకుని ఇంకొకడు దూకుతాడు. వాడికీ ఇల్లుంటుంది."

"వినబడలేదు మాస్టారు."

"అదే చోట మూడుసార్లు ఊదితే మూడుసార్లూ విన్నావమ్మా. ఆ రోజు తాత ఊదారు. మరి ఏమనుకోమంటావు?"

యమున నా వైపు చూసింది. నేను కాఫీ గ్లాసు వైపు చూశాను. అప్పుడు ఒక్క మాట సరిపోయేది. మాటలకి కరువున్న మనిషినా నేను?

జీపు ఎర్రతొట్టితో వెళ్లిపోయింది. గౌరి నా మీద విరుచుకుపడింది. "ఎనకనుంచి ఊదొద్దని సెప్పినానా నేదా? ఊదినావు, అయిపోనాది." నెల రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఆ తిట్లు నాకు హాయిగానే ఉండేవి. వాటి వెనక దాక్కున్నాను.

దీపావళి ముందు యమునే అడిగింది, చెవులు చూపించుకుంటానని. బొబ్బిలి తీసుకెళ్లాను. చెవులకి యంత్రం తగిలించి సన్నసన్నటి చప్పుళ్లు వినిపించారు. ప్రతి చప్పుడికీ వేలెత్తింది, ఒక్కటీ వదల్లేదు. డాక్టరు మెచ్చుకున్నాడు, ఇంత మంచి చెవులు చూడలేదన్నాడు.

తిరుగు బస్సెక్కాం. రామభద్రపురం దాటాక యమున అంది.

"సెవులు బాగోలేదంటే బాగుండును తాతా."

"అదేం మాట?"

"బాగున్నాయంటే వినే ఉంటాను. విని కూడా ఆగలేదేమో. ఎలాగైనా ఎల్లిపోవాలన్న ఆశలో పట్టించుకోలేదేమో. నాకే తెలీకుండా."

నేను కిటికీలోంచి బయటికి చూసి, ఒకప్పుడు మా కొండల్లో చెవిటి పులి ఉండేదని కథ మొదలుపెట్టాను. అది నవ్వింది. నేను బాధపడకూడదని నవ్వింది, నాకు తెలుసు.

ఇప్పుడు యమున కొత్తవలసలో బట్టల షాపులో పని చేస్తోంది. కుడి చెయ్యి పూర్తిగా పైకెత్తగలదు, పై అరలోంచి చీరలు దించుతుంది. గెడ్డ వైపు వెళ్లదు. సెలవుకి వచ్చినప్పుడు వీధిలో నా పక్కన నడుస్తూ నడుస్తూ ఠక్కున ఆగి వెనక్కి తిరిగి చూస్తుంది. ఎవరూ ఉండరు. "ఎవరో పిలిసినట్టనిపించింది తాతా," అంటుంది. అలా మూడేళ్లుగా.

ఈల మా గుమ్మం పక్కన మేకుకి వేలాడుతోంది. గౌరి రెండుసార్లు పారేయబోయింది, నేను పడనివ్వలేదు.

కథ చివర ఏది నిజం, ఏది నేను చేర్చింది అని యమున ఎప్పుడూ అడుగుతుంది. ఈసారి అడక్కుండానే చెప్తున్నాను. ఎనుబోతు సంగతి గౌరి ముందే బయటపెట్టేసింది. చేప నా పొడవు కాదు, నా మూర పొడవు. తల ఎత్తిన గేదెలు నలభై కాదు, మూడు. అందులో ఒకటి అప్పటికే తల ఎత్తి ఉంది.

యమునా, ఇక్కణ్ణుంచి దిద్దకు. ఉన్నది ఉన్నట్టు కొట్టు. పత్రిక కంటే ముందు భాస్కర్ మాస్టారికి పంపు. ఈల పెదాల దాకా వెళ్లిన మాట నిజం. అక్కడ నాకు హాల్ టికెట్ గుర్తొచ్చింది. వెనక నుంచి కదా అని ఆగాను. ముందుకెళ్లి ఊదుదామని రాళ్ల మీద పరుగెత్తాను. నీళ్లతో పందెం వేసి ముసలాడు గెలుస్తాడా? నువ్వు మలుపు తిరిగిపోయావు.

నువ్వు విననిదేమీ లేదమ్మా. ఈల ఊదానన్నది నేను కల్పించింది.